మోగని ట్యాపెట్

పోయిన నెల రెండు రోజులు నేను తెల్లవారుజామున నాలుగున్నరకే లేచాను. పండగ లేదు, ఎయిర్‌పోర్టుకి వెళ్ళే పనీ లేదు. గ్యారేజీలో ఉన్న నా హోండా ఎస్2000 కారుకి ట్యాపెట్ సెట్టింగ్, అంటే ఇంజిన్ వాల్వుల దగ్గర వదలాల్సిన సన్నని సందుని సరిచేసే పని, చేసుకోవాలి, ఆ పనికి ఇంజిన్ 38 డిగ్రీల లోపు చల్లగా ఉండాలి, డాలస్‌లో ఆగస్టు నెలలో గ్యారేజీ అంత చల్లగా దొరికేది ఆ నాలుగు గంటలు మాత్రమే. మధ్యాహ్నం అయ్యేసరికి బండి స్టార్ట్ చెయ్యకపోయినా సరే, ఆ ఇనుమంతా దానంతటదే 40 దాటిపోతుంది.

ముందు బండి సంగతి చెప్తాను. 2002 మోడల్, వెండి రంగు, నా చేతికి వచ్చేటప్పటికే 1,18,000 మైళ్ళు తిరిగింది. హోండా కంపెనీ తన యాభయ్యేళ్ళకి గుర్తుగా 1999లో బయటికి తెచ్చిన రెండు సీట్ల బండి ఇది. అంతకు ముందు ఎన్ఎస్ఎక్స్ కారుని తయారుచేయించిన షిగేరు ఉయెహారాయే దీనికీ చీఫ్ ఇంజినీరు. ఇంజిన్ 1997 సీసీ, టర్బో లేదు, అయినా అమెరికాలో అమ్మిన బండికి 240 హార్స్‌పవర్, అంటే లీటరుకి 120. ఆ బలం అంతా తిరగడంలోంచి వస్తుంది. రెడ్‌లైన్, అంటే ఇంజిన్ తిరగగల పై హద్దు, నిమిషానికి 9000 చుట్లు. ఇంజిన్ 9000 తిరిగితే వాల్వుల్ని తెరిపించే ఇరుసు, అంటే క్యామ్‌షాఫ్ట్, అందులో సగం, 4500 తిరుగుతుంది, అంటే ఒక్కో వాల్వు సెకనుకి 75 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. అలాంటివి పదహారు. ఆ వాల్వు కాడకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య ఒక సందు వదలాలి: గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వైపు 0.21 నుంచి 0.25 మిల్లీమీటర్లు, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వైపు 0.25 నుంచి 0.29. కింది హద్దుకీ పై హద్దుకీ తేడా 0.04, తల వెంట్రుక మందంలో సగం. చాలా కార్లలో ఈ సందుని హైడ్రాలిక్ లిఫ్టర్లు ఆయిల్ ప్రెషర్‌తో వాటంతటవే చూసుకుంటాయి, ఎవరూ చెయ్యి పెట్టక్కర్లేదు. ఇందులో మాత్రం ఒక స్క్రూ, ఒక లాక్‌నట్టు, ఆపైన మన చెయ్యి.

మన చెయ్యి అన్నాను గానీ నాకు ఆ చెయ్యి వచ్చింది మా బాబాయ్ దగ్గర. బాబాయ్‌ది విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజిన్ల షెడ్డు. వేసవి సెలవులకి వెళ్ళినప్పుడు ఇంట్లో ఉండమంటే ఉండేదాన్ని కాదు, షెడ్డులో బోర్లించిన గ్రీజు డబ్బా మీద కూర్చుని చూసేదాన్ని. రోహిణి కార్తెలో ఆటోనగర్ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో బాబాయ్ ట్యాపెట్ పని ఒక్కటీ పొద్దున్న ఆరింటికల్లా మొదలుపెట్టేవాడు, లారీ రాత్రికే వచ్చి షెడ్డులో నిలబడాలి, డ్రైవరు ఎంత తొందరపెట్టినా పొద్దున్న వచ్చిన బండికి ఆ రోజు ట్యాపెట్లు ముట్టేవాడు కాదు. సందు కొలిచే పల్చటి ఫీలర్ గేజ్ రేకుని రెండు వేళ్ళతో పట్టుకుని, కళ్ళు ఎటో చూస్తూ, చేత్తో మాత్రం వింటున్నట్టు నిలబడేవాడు. నాకు పన్నెండేళ్ళప్పుడు ఒకసారి ఆ రేకు నా చేతికిచ్చి లాగమన్నాడు. ఎలా ఉందని అడిగాడు, ఏదో పట్టుకున్నట్టుందని చెప్పాను. "పట్టుకోవాలి, ఆపకూడదు" అన్నాడు. ఇప్పటికీ ఇంతకన్నా బాగా ఆ పని గురించి చెప్పినవాళ్ళని నేను చూడలేదు.

ఇప్పుడు అసలు విషయం. బండి కొన్న ఆరు నెలలకి పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఐడిలింగ్, అంటే బండి కదలకుండా ఇంజిన్ తిరగడం, కొంచెం తడబడటం మొదలైంది. ఒక నిమిషం, ఇంకా చెప్పాలంటే నిమిషం కూడా కాదు, తర్వాత సర్దుకునేది. ప్లగ్గులు మార్చాను, థ్రాటిల్ బాడీ శుభ్రం చేశాను, ఇన్‌టేక్ పైపుల్లో ఎక్కడైనా గాలి లాగుతోందేమోనని చూశాను. ఏం తేడా లేదు. స్నేహితులు వచ్చి బానెట్ ఎత్తి విని, ఇంత పాత బండికి ట్యాపెట్ సౌండే లేదు, ఇంజిన్ సూపర్ కండిషన్‌లో ఉంది అన్నారు. దగ్గర్లోని ఒక వర్క్‌షాపులో అడిగితే అక్కడా అదే మాట, శబ్దం లేనప్పుడు ముట్టుకోవడం ఎందుకు అని. నాకూ నిజమే అనిపించింది.

బాబాయ్‌కి వీడియో కాల్ చేసి ఇంజిన్ వినిపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఫోను ఇంజిన్ ముందుకి, వెనక్కి, ఎగ్జాస్ట్ వైపుకి తిప్పమన్నాడు.

"అమ్మాయ్, ఇది మరీ మౌనంగా ఉంది."

"మంచిదే కదా బాబాయ్?"

"కాదు తల్లీ. లూజు ట్యాపెట్ అరుస్తుంది, టైటు ట్యాపెట్ కాలిపోతుంది. అరిచేదానికి నేను భయపడను."

ఇది చాలామందికి తెలియని సంగతి, నేను ఈ పోస్టు రాయడానికి కారణం కూడా ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. సందు ఎక్కువైతే రాకర్ వచ్చి వాల్వు కాడని కొడుతుంది, టిక్ టిక్ మంటుంది, ఎవరికైనా వినిపిస్తుంది, ఎవరైనా బాగుచేయిస్తారు. సందు తగ్గితే ఏ శబ్దమూ ఉండదు. ఎగ్జాస్ట్ వాల్వు అన్నిటికన్నా ఎక్కువ మంటని మోస్తుంది, మూసుకుని తన సీటుకి, అంటే అది కూర్చునే అంచుకి, ఆనుకున్న ఆ కాస్త సమయంలోనే తన వేడిని ఎక్కువగా ఇంజిన్ పై భాగమైన హెడ్డులోకి, అక్కణ్ణుంచి కూలెంట్‌లోకి వదులుకోవాలి. ఏళ్ళ తరబడి కొట్టుకుని కొట్టుకుని వాల్వు తన సీటులోకి కొంచెం కొంచెంగా దిగబడుతుంది. అది కిందినుంచి దిగబడిన కొద్దీ దాని కాడ పైన రాకర్ వైపు లేస్తుంది, సందు తగ్గుతూ వస్తుంది. సందు పూర్తిగా పోయిన రోజున, వేడికి కాడ సాగినప్పుడు వాల్వు గట్టిగా మూసుకోదు, ఆ సన్నని ఖాళీలోంచి మంట దూసుకుపోతుంది, అంచు కాలిపోతుంది. అప్పుడిక హెడ్డు విప్పాల్సిందే. అప్పటిదాకా బండి చెప్పేది పొద్దున్నపూట ఆ అరనిమిషం తడబాటు ఒక్కటే.

ఇంట్లోనే ఎందుకు చేశానంటే డబ్బు కోసం కాదు. ఒకచోట 600 డాలర్లు చెప్పారు, అది ఇచ్చుకోగలను. కానీ బండి పొద్దున్న తెచ్చి సాయంత్రం తీసుకెళ్ళండి అన్నారు, మధ్యలో ఎంతసేపు చల్లారుస్తారంటే రెండు గంటలు ఫ్యాన్ పెడతాం అన్నారు. వాళ్ళ తప్పు కూడా కాదు, ఒక బండి కోసం రాత్రంతా లిఫ్టు ఖాళీగా ఎవరు వదులుతారు? ఆ రాత్రంతా నా గ్యారేజీ వదలగలదు, అంతే తేడా.

సామాను పెద్దగా ఏం అక్కర్లేదు. ఫీలర్ గేజ్ మాత్రం కొస దగ్గర వంచినది కొనండి. తిన్నని రేకు రాకర్ల మధ్య సందులోకి వెళ్ళేటప్పుడు ఏటవాలుగా పడుతుంది, ఏటవాలుగా పడితే 0.25 ఉన్నచోట కూడా 0.22 లాగా బిగుతుగా అనిపిస్తుంది, మీరు దాన్ని నమ్మి లూజు చేసేస్తారు. అమెరికాలో షాపులో దొరికే వాటిలో చాలావరకు అంగుళాల లెక్కలో ఉంటాయి, నేను మిల్లీమీటర్లవి వెతికి తెప్పించుకున్నాను. ఒక మైక్రోమీటర్ కూడా తీసుకున్నాను, ఎందుకో తర్వాత చెప్తాను. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ సెట్టు, ప్లగ్గు గొట్టాల చుట్టూ ఉండే నాలుగు రబ్బరు సీళ్ళు, లిక్విడ్ గ్యాస్కెట్ ట్యూబు ఒకటి. ఇంజిన్ వేడి చూడటానికి, దోసె పెనం కోసం కొన్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వంటింట్లోంచి తెచ్చాను. ఇక్కడ ఒక జాగ్రత్త: మెరిసే అల్యూమినియం మీద అది తప్పు చూపిస్తుంది. హెడ్డు మీద చిన్న మాస్కింగ్ టేపు ముక్క అంటించి ఆ టేపు మీద చూడాలి. టేపు లేకుండా చూస్తే 27, టేపు మీద 31. నాలుగు డిగ్రీల తేడా.

మొదటి రోజు అయిదింటికి మొదలుపెట్టాను. మాకు పొద్దున్న అయిదంటే విజయవాడలో మధ్యాహ్నం మూడున్నర, బాబాయ్ భోంచేసి కాసేపు పడుకుని లేచే టైము. మా అమ్మాయి డాన్సు వీడియోలకి వాడుకునే స్టాండుకి ఫోను పెట్టి ఆయన్ని ఇంజిన్ ఎదురుగా కూర్చోబెట్టాను. మా ఆయన టార్చి పట్టుకున్నారు, ఒక అట్ట ముక్క మీద పదహారు గళ్ళు గీసుకుని పెన్సిల్ పట్టుకుని అంకెలు రాసే పని కూడా ఆయనదే.

ప్లగ్గులకి కరెంటు ఇచ్చే కాయిల్స్ కనెక్టర్లకి ఉండే ప్లాస్టిక్ క్లిప్పులు ఇరవై ఏళ్ళ వేడికి అప్పడంలా అయిపోయి ఉంటాయి, గోరుతో నొక్కి లాగితే విరుగుతాయి. సన్నని స్క్రూడ్రైవర్‌తో క్లిప్పుని కొంచెం ఎత్తి, కనెక్టర్‌ని ముందు లోపలికి నెట్టి ఆ తర్వాత లాగాను, నాలుగూ బాగానే వచ్చాయి. ప్లగ్గులు తియ్యకముందే ఆ గుంతల్లోని ఇసుకనంతా గాలితో ఊదెయ్యాలి, లేకపోతే అది తిన్నగా సిలిండర్లోకి పోతుంది. ప్లగ్గులు తీసేస్తే కంప్రెషన్ ఉండదు, క్రాంక్, అంటే ఇంజిన్ ప్రధాన ఇరుసు, చేత్తో తిప్పడం తేలిక. ట్యాపెట్ కవర్ నట్లన్నీ విప్పినా కవర్ రాలేదు, పాత సీలెంట్ పట్టేసింది. ఇలాంటప్పుడు స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తాలనిపిస్తుంది, ఎత్తకండి. హెడ్డు అల్యూమినియం, ఒక్క గాటు పడితే అక్కణ్ణుంచి జీవితాంతం ఆయిల్ కారుతుంది. రబ్బరు సుత్తితో చుట్టూ నెమ్మదిగా తట్టుకుంటూ పోతే అయిదు నిమిషాలకి చిన్న చప్పుడుతో ఊడొచ్చింది.

లోపల చూడగానే కాసేపు అలా నిలబడిపోయాను. ఇరవై ఏళ్ళు దాటిన ఇంజిన్, క్యామ్‌లు కొత్త స్టీలు గిన్నెల్లా మెరుస్తున్నాయి, వాటి చుట్టూ మూతల మీద లేత తేనె రంగు, ఎక్కడా బురద లేదు, నల్లగా గడ్డకట్టిన ఆయిల్ లేదు. ముందున్న యజమాని ఎవరో గానీ టైముకి ఆయిల్ మార్చిన మనిషి. ఆయనకో ఆవిడకో అక్కడ నిలబడే మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

క్యామ్‌లని తిప్పే చైన్ ఉండే చోట కిందికి పెద్ద ఖాళీ ఉంటుంది, అందులో నట్టు పడితే ముందు భాగమంతా విప్పాలి. పోగులు ఊడని గుడ్డ ముక్కలు నాలుగు అందులో కుక్కి, "నాలుగు పెట్టాను" అని పైకి చెప్పి అట్ట మీద రాయించాను.

తర్వాత ఏ సిలిండర్ ఎప్పుడు చూడాలన్నది. హోండా సర్వీసు పుస్తకంలో ఉన్న పద్ధతి సులువే: ఒకటో సిలిండర్‌ని కంప్రెషన్ మీద పైకి తెచ్చి దాని నాలుగు వాల్వులు చూడాలి, క్రాంక్‌ని అరచుట్టు తిప్పి మూడోది, ఇంకో అరచుట్టు తిప్పి నాలుగోది, మళ్ళీ తిప్పి రెండోది. పుల్లీ మీద పొడవాటి ఎక్స్‌టెన్షన్‌తో, ఇంజిన్ తిరిగే దిశలోనే తిప్పాలి. సిలిండర్ పైకి వచ్చిందని చూపే గుర్తు దాటిపోతే వెనక్కి తిప్పకూడదు, చైన్ వదులవుతుంది. ఇంకో రెండు చుట్లు పూర్తిగా తిప్పుకుని మళ్ళీ గుర్తు దగ్గరికి రావాలి. బాబాయ్‌కి మాత్రం గుర్తుల మీద నమ్మకం లేదు. ఆటోనగర్‌లో ఓవర్‌ల్యాప్ చూసి చేస్తారు: ఏ సిలిండర్ వాల్వులు రెండూ కలిసి కదులుతున్నాయో చూసి, దాని జోడీ సిలిండర్‌కి సెట్ చెయ్యాలి. ఆరు సిలిండర్ల లారీకి జోడీ అంకెలు కలిపితే ఏడు రావాలి, ఆరోది ఓవర్‌ల్యాప్‌లో ఉంటే ఒకటోది, అయిదోదైతే రెండోది. "నీది నాలుగు కాబట్టి అయిదు" అన్నాడు. నాలుగో సిలిండర్ వైపు చూశాను, ఎగ్జాస్ట్ మూసుకుంటూ ఇన్‌టేక్ తెరుచుకుంటూ ఉంది. గుర్తు కూడా సరిగ్గా కలిసింది. జపాన్‌లో రాసిన పుస్తకమూ ఆటోనగర్ లెక్కా ఒకే చోటికి రావడం చూసి నాకు ఒళ్ళు పులకరించింది.

ఇక రేకు. మైక్రోమీటర్ ఎందుకన్నానంటే, చెయ్యికి ముందు నేర్పించుకోవాలి. దాన్ని 0.27 దగ్గర పెట్టి, 0.27 రేకుకి ఆయిల్ పల్చగా రాసి, మధ్యలోంచి ఒక ఇరవై సార్లు లాగాను. ఆ పట్టు ఎలా ఉంటుందంటే, చిన్నప్పుడు తెలుగు వాచకంలో దాచుకున్న నెమలీకని పుస్తకం తెరవకుండా కొస పట్టుకుని నెమ్మదిగా బయటికి లాగితే పేజీలు దాన్ని వదల్లేక వదిలినట్టు ఉంటుందే, అది. జారిపోతే లూజు, రేకు వంగితే టైటు. ఆ పట్టు వేళ్ళకి గుర్తుండగానే ఇంజిన్ మీదికి వెళ్ళాలి, మధ్యలో కాఫీకి లేచానంటే మళ్ళీ మైక్రోమీటర్ దగ్గర పది సార్లు లాగి వచ్చాను. అనుమానం వస్తే ఇంకో పరీక్ష ఉంది: ఎగ్జాస్ట్‌కి 0.25 రేకు దూరాలి, 0.30 దూరకూడదు. దానికి చేతివాటంతో పని లేదు, అవును లేక కాదు.

ముందు ఏదీ ముట్టుకోకుండా పదహారూ కొలిచి రాసుకున్నాం. ఇన్‌టేక్ వైపు ఎనిమిదిలో ఏడు బాగున్నాయి, ఒకటి 0.26, కాస్త లూజు. ఎగ్జాస్ట్ వైపు వచ్చేసరికి మా ఆయన పెన్సిల్ ఆగింది. ఒకటో సిలిండర్ 0.24, 0.25. మూడోది 0.22, 0.23. రెండోది 0.23, 0.24. నాలుగో సిలిండర్‌లో మొదటిది 0.21, రెండోదానికి 0.20 రేకు కొస కూడా దూరలేదు. నా పట్టు తప్పిందేమోనని మళ్ళీ మైక్రోమీటర్ దగ్గరికెళ్ళి వచ్చాను. దూరలేదు. 0.10, 0.08 రేకులు జోడించి పెడితే అప్పుడు దూరింది. 0.18. ఉండాల్సిన దానికన్నా 0.07 తక్కువ.

ఫోన్లో బాబాయ్ "ఎంత?" అని రెండుసార్లు అడిగాడు. చెప్పాను. "సరే, టైముకే తెరిచావు" అన్నాడు. ఎనిమిదిలో ఒక్కటే సరిగ్గా ఉంది, అదీ కింది హద్దు మీద. ఇవేవీ చప్పుడు చెయ్యలేదు. నలుగురు విని సూపర్ అన్న ఇంజిన్ ఇది.

సెట్ చెయ్యడం చూడటానికి చాలా చిన్న పని. లాక్‌నట్టుని రింగ్ స్పానర్‌తో వదులు చేసి, నడుమ ఉన్న స్క్రూని స్క్రూడ్రైవర్‌తో తిప్పి, రేకు సరిగ్గా పట్టుకునేలా చేసి, స్క్రూ కదలకుండా పట్టుకుని నట్టు బిగించాలి. ఈ ఆఖరి మాటలోనే ఉంది కష్టమంతా. నట్టు బిగిస్తున్నప్పుడు తనతో పాటు స్క్రూని కూడా కొంచెం లాక్కెళ్తుంది, అదీ టైటయ్యే వైపుకే. స్క్రూడ్రైవర్ కదిలినట్టు చేతికి తెలియదు, కంటికి కనపడదు. ఒకటో సిలిండరూ మూడో సిలిండరూ పూర్తిచేసి, ఎంతో బాగా వచ్చిందనుకుని, అలవాటుగా మళ్ళీ కొలిచి చూస్తే ఎనిమిదిలో అయిదు 0.02 మేర బిగుసుకుపోయి ఉన్నాయి. అప్పటికి రెండు గంటలు గడిచాయి. ఆ క్షణంలో టెన్షన్ వచ్చింది, అబద్ధం చెప్పను, చేసినదంతా మొదటికొచ్చిందని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

బాబాయ్ అదేం పట్టించుకోలేదు. స్క్రూడ్రైవర్ ఎలా పట్టుకున్నావో చూపించమన్నాడు. పైనుంచి నొక్కి పట్టుకున్నాను. "నొక్కడం కాదమ్మా, వెనక్కి ఒత్తు. నట్టు కుడికి లాగుతుంటే నువ్వు ఎడమకి ఒత్తుతూ ఉండాలి, తిప్పకూడదు. అప్పుడు కూడా ఒక పాయింటో రెండు పాయింట్లో పోతుంది, ఆ పోయేది ముందే లెక్కేసుకుని అంత లూజు పెట్టుకో." అలా చేసి చూశాను. 0.30 దగ్గర పెట్టి బిగిస్తే 0.28కి వచ్చి ఆగింది. ఇంకోటి. అదీ అంతే. ఒక్కో నట్టుకీ తన లాగుడు తనకుంది, నాలుగైదు చేసేసరికి వేళ్ళకి తెలిసిపోతుంది. ఎగ్జాస్ట్ అన్నీ 0.28, 0.29 దగ్గరే పెట్టాను, అంటే హద్దులో లూజు కొస. ఇవి కాలం గడిచేకొద్దీ టైటయ్యేవే కాబట్టి తగ్గడానికి చోటు ఉంచాలి.

మొదటి నాలుగుతో పాటు మళ్ళీ రెండో నాలుగు కూడా సరిచేసేసరికి ఎనిమిదిన్నర. టేపు మీద 36 చూపిస్తోంది, గ్యారేజీ తలుపు సందులోంచి ఎండ నేల మీదికి వచ్చేసింది. ఇంకో గంట చేస్తే అయిపోతుంది అని చెయ్యి లాగుతోంది గానీ ఆపేశాను. ఇంజిన్ మీద శుభ్రమైన దుప్పటి కప్పి, పైన ఒక అట్టపెట్టె బోర్లించి, ఆఫీసు పనికి కూర్చున్నాను.

రెండో రోజు నాలుగో సిలిండర్, రెండో సిలిండర్. చెయ్యి తెలిసిన పని కాబట్టి గంటన్నరలో అయిపోయింది. ఆ 0.18 ఉన్న వాల్వు దగ్గర మాత్రం అరగంట ఉన్నాను. మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాను, మొదటిసారి 0.26, రెండోసారి 0.30, మూడోసారి 0.28. తర్వాత క్రాంక్ రెండు చుట్లు తిప్పి, మొదటి నుంచి పదహారూ మళ్ళీ కొలిచాను. ఈసారి బాబాయ్ చెప్పకుండానే.

కవర్ మూసే ముందు వీటెక్ రాకర్లు కూడా చూసుకోండి, కవర్ తీసి ఉన్నప్పుడు రెండు నిమిషాల పని. ఒక్కో జత వాల్వులకి మూడు రాకర్లు ఉంటాయి, నడిమిది పెద్ద క్యామ్‌ది. దాదాపు 6000 దాటినప్పుడు ఆయిల్ ప్రెషర్‌కి లోపలి పిన్ను జరిగి మూడింటినీ ఒకటిగా కలుపుతుంది, అప్పుడే ఆ ఇంజిన్ గొంతు మారుతుంది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు నడిమి రాకర్‌ని వేలితో నొక్కితే పక్కవాటితో సంబంధం లేకుండా విడిగా కదలాలి. నావి అన్నీ కదిలాయి.

పాత సీలెంట్‌ని ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకి, రెండు వైపులా తుడిచి, కొత్త ప్యాకింగ్ కవర్ గాడిలో కూర్చోబెట్టి, మూలల్లో లిక్విడ్ గ్యాస్కెట్ గోరంత పెట్టాను. ఎక్కువ పెడితే లోపలికి పిండుకుని, తెగి, ఆయిల్‌తో పాటు తిరుగుతుంది. గుడ్డలు నాలుగూ తీసి లెక్కపెట్టి అట్ట మీద కొట్టేయించాను. నట్లు మధ్య నుంచి బయటికి, అడ్డంగా మార్చుకుంటూ, మూడు విడతల్లో బిగించాను. సీలెంట్ ఆరడానికి సాయంత్రం దాకా వదిలేశాను.

సాయంత్రం స్టార్ట్ చేశాను. మూడో తిప్పుకి అందుకుంది. ఎగ్జాస్ట్ మీద పడిన ఆయిల్ చుక్కలు కాలి కాసేపు పొగ వచ్చింది, మా అమ్మాయి లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది. పొగ తగ్గాక వినిపించింది, మెల్లగా, సమంగా, టిక్ టిక్ టిక్ అని. పక్క గదిలో ఎవరో కుట్టు మిషను తొక్కుతున్నట్టు. మామూలుగా ఎవరైనా ఈ చప్పుడు వింటే ఇంజిన్ పాడైందనుకుంటారు. బాబాయ్‌కి మర్నాడు పొద్దున్న పూర్తి చల్లని స్టార్టే వినిపించాలని ఆగాను. తడబాటు లేదు, ఒక్క క్షణం కూడా లేదు, సూది ఎక్కడ నిలబడాలో అక్కడ నిలబడింది. అటువైపు ఫోన్లో షెడ్డు చప్పుడు, ఎవరో సుత్తి దెబ్బలు, వాటి మధ్య ఆయన గొంతు: "ఇప్పుడు మాట్లాడుతోంది."

మొదటి వారం 5000 దాటించలేదు. కవర్ అంచుల వెంబడి ఆయిల్ కారుతోందేమోనని రోజూ చూసుకున్నాను, పొడిగా ఉంది. పోయిన ఆదివారం పొద్దున్న, ఇంజిన్ బాగా వేడెక్కాక, హైవే ర్యాంపు మీద రెండో గేరులో 9000 దాకా తీసుకెళ్ళాను. 6000 దగ్గర గొంతు మారింది, ఆ తర్వాత రెండు మూడు సెకన్లు, నేను వేలితో తాకి కొలిచిన ఆ పదహారు సందులూ నా ముందున్న ఆ బానెట్ కింద సెకనుకి 75 సార్లు మూసుకుని తెరుచుకుంటున్నాయన్న సంగతి ఒళ్ళంతా తెలిసింది. మా ఆయన పక్క సీట్లో తలుపు పిడి పట్టుకుని నవ్వుతున్నారు.

ఆ రాత్రి అట్ట ముక్క ఫోటో తీసి బాబాయ్‌కి పంపాను. అన్నీ చూసి ఒక్కటే అడిగాడు, నాలుగో దాంట్లో ఆ రెండో ఎగ్జాస్ట్ ఎంత పెట్టావని. 0.28 అన్నాను. 5000 మైళ్ళకి అదొక్కటి మళ్ళీ కొలవమన్నాడు. 0.28 దగ్గరే ఉంటే ఇన్నేళ్ళూ ఎవరూ చూడక తగ్గిందని అర్థం, అప్పటికే మళ్ళీ తగ్గి ఉంటే సీటు దిగిపోతోందని అర్థం, హెడ్డు పని ఆలోచించుకోవాలి. అట్టని గ్యారేజీ గోడకి మేకు కొట్టి తగిలించాను, కింద మైళ్ళు రాశాను. నా వాడకంలో అది డిసెంబరు దగ్గర వస్తుంది, అప్పుడు గ్యారేజీ మధ్యాహ్నం కూడా చల్లగానే ఉంటుంది.